ఇరవై రోజుల ముందే కోత సరే, ఏ ఇరవై రోజులు? వరి శాస్త్రవేత్తలకు బాపట్ల రైతు బహిరంగ లేఖ

రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలకు, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి పెద్దలకు నమస్కారం.

నేను బాపట్ల జిల్లా రైతుని. సొంతం మూడెకరాలు, కౌలు ఐదెకరాలు. కొమ్మమూరు కాలవకి శివారున ఉంటాం కాబట్టి నీళ్లు అందరికంటే ఆఖర్న వస్తాయి. తుపాను మాత్రం అందరికంటే ముందు మా దగ్గరికే వస్తుంది. నలభై ఏళ్లుగా వ్యవసాయం తప్ప వేరే పని చేయలేదు, అందులో ముప్పై ఏళ్లకు పైగా సాంబ మసూరే వేశాను. ఇంటర్ తప్పినవాణ్ణి. మీ కాగితాలు మా అన్న కూతురు చదివి చెబుతుంది, అది బాపట్ల వ్యవసాయ కాలేజీలో బీఎస్సీ చేసింది. ఈ జాబులో తప్పులుంటే నావి, ఒప్పులుంటే దానివి.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ గారు జీనోమ్ ఎడిటింగ్ చేసిన, అంటే మొక్క సొంత జన్యువునే కత్తిరించి మార్చిన, రెండు వరి రకాల్ని ప్రకటించారు. ఒకటి మీ సంస్థ చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుపేరు కమల. దాని తల్లి మా బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. రెండోది ఢిల్లీ పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లది, పూసా డీఎస్టీ రైస్ 1. దాని తల్లి మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 1010, మేం కాటన్‌దొర సన్నాలు అంటాం. టీవీలో చూస్తూ మా ఆవిడ "రెండిటికీ పుట్టిల్లు మన వైపేగా" అంది. ఆ చనువుతోనే రాస్తున్నాను.

మీరు చెప్పిన లెక్క నాకు అర్థమైనంతవరకు ఇదీ. సాంబ మసూరి హెక్టారుకి సగటున 4.5 టన్నులు ఇచ్చిన చోట కమల 5.37 టన్నులు ఇచ్చింది. మా 75 కిలోల బస్తాల్లోకి మార్చుకుంటే ఎకరాకి 24 బస్తాలు 29 అయ్యాయన్నమాట. వెన్నుకి ఎన్ని గింజలు పట్టాలో అదుపు చేసే జన్యువు ఒకటుందట, పేరు సీకేఎక్స్2. దాన్ని కత్తిరించి ఆ అదుపు తీసేశారు. బయటి జీవి జన్యువేదీ లోపల పెట్టలేదు. పైగా పంట తల్లికంటే 20 రోజుల ముందే కోతకి వస్తుంది, మూడు తడులు మిగులుతాయి.

బస్తాల లెక్క దగ్గర ఒక చిన్న మాట. మంచి ఏడాది మా నల్లరేగడిలో సాంబ మసూరే ముప్పై దాటింది. మీ సగటు దేశమంతటిది, మాది ఒక కాలవ కిందిది. 19 శాతం ఎక్కువ అనే మాట ఎక్కడి 24 మీద చెప్పినదో ఆలోచించకుండా మా ఊళ్లో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

కత్తిరించిన విత్తనం అనగానే జడుసుకునే మనిషిని కాను. సాంబ మసూరి వంశం చూడండి. కోయంబత్తూరులో కిచిలి సాంబలోని ఒక మొక్క దానంతటదే మారిపోతే ఏరి పెంచి, 1921లో జీఈబీ 24 అని విడుదల చేశారు. దాన్ని తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1తో కలిపి, ఆ వచ్చినదాన్ని మలేషియా పేరున్న మసూరితో కలిపి బాపట్లలో తీసిందే బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి. 1986లో విడుదలైంది. గట్టున నిలబడి 'మన బీపీటీ' అని మీసం తిప్పుకుంటాం గానీ దాని రక్తంలో కోయంబత్తూరుంది, తైవానుంది, మలేషియా ఉంది. అలాంటి పంట తింటూ పెరిగినవాణ్ణి, మడిలో దానంతటదే జరగగలిగిన మార్పుని మీరు ప్రయోగశాలలో చేశారంటే నాకేం అభ్యంతరం? 2022 మార్చిలో ఈ రకం విత్తనాలకి జన్యుమార్పిడి పంటల నిబంధనల్లో కొన్నిటి నుంచి మినహాయింపు ఇవ్వడం మీద వాదనలు నడుస్తున్నాయి. ఆ వాదన చేసేవాళ్లు చేయనివ్వండి. నా గొడవ ఆ 20 రోజుల గురించి.

మా కాలవకి నీళ్లు జూలైలో వదులుతారు. ఒక్కో ఏడు శివారుకి చేరేసరికి ఆగస్టు వస్తుంది. అందుకని వాన పడితే నేను జూలై రెండో వారంలోనే పొడి దుక్కిలో వెదజల్లేస్తాను. నారు, నాట్ల ఖర్చు తప్పుతుంది. జూలై 10న వేశాననుకోండి. 150 రోజుల సాంబ మసూరి డిసెంబరు 7కి కోతకొస్తుంది. 130 రోజుల కమల నవంబరు 17కే వస్తుంది.

ఇప్పుడు 2023కి రండి. ఆ జూలై 20న ఎల్ నినో భయంతో, బియ్యం ధరలు పెరుగుతున్నాయని కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. డాలస్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకు ఇండియన్ స్టోర్ ముందు క్యూలో నిలబడి ఫొటో పంపాడు. మనిషికి ఒక్క బస్తాయే ఇస్తున్నారు మావయ్యా, నువ్వు పండించే బియ్యమే అని. నవ్వుకున్నాం. సరిగ్గా ఆ బియ్యమే డిసెంబరు మొదటి వారంలో నా చేలో నిలబడి ఉంది, కోత మిషన్ మాట్లాడుకున్నాను, రేపో మాపో వస్తానన్నాడు. డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది.

చేను పడిపోయింది, నీళ్లలో తేలింది, నాలుగో రోజుకి వెన్నులోనే మొలకొచ్చింది. మొలకెత్తిన వెన్నుని చేతిలోకి తీసుకుంటే చిన్నపిల్లల జుట్టులా మెత్తగా ఉంటుంది. కౌలు మాత్రం కొలిచి ఇవ్వాల్సిందే. మిగిలినదాన్ని కొనుగోలు కేంద్రానికి తీసుకెళితే తేమ 17 శాతం దాటిందన్నారు, మిల్లుకి తీసుకెళితే రంగు మారిందన్నారు. రెండూ నిజమే. తుపాను వెళ్లిన వారంలో బాపట్ల జిల్లాలో తేమ 17 శాతం ఉన్న ధాన్యం ఎవరి దగ్గరుంటుంది?

ఆ ఏడు నా చేలో కమల ఉండుంటే నవంబరు 17కి కోసేసేవాణ్ణి. ధాన్యం అమ్ముడైపోయేది, డబ్బు చేతికొచ్చేది. వెనకాల వేసిన మినుము తుపానులో మునిగిపోయేదనుకోండి, అయినా వరి దక్కేది. మీరు చేసిన పని గొప్పదని ఆ ఏడాది తలుచుకుంటేనే ఒప్పుకుంటాను.

అదే లెక్క 2025కి వేయండి. మొంథా తుపాను అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, మాకు ఈదురుగాలి, కుంభవృష్టి. జూలై 10న వేసిన చేనుకి ఆ రోజు వయసు 110 రోజులు. సాంబ మసూరి ఇంకా పొట్ట మీద ఉంది, వెన్ను బయటికి రాలేదు. గాలికి ఆకులు చిరిగాయి, మడి నిండా నీళ్లు నిలిచాయి, నాలుగైదు రోజులు తంటాలు పడి నీళ్లు తీసేశాం, చేను లేచింది. అదే కమల అయితే? 130 రోజుల పంట నూరో రోజుకి ఈనాలి. అంటే 28వ తేదీకి పూత అయిపోయి పాలు పోసుకుంటూ ఉండాలి. వెన్ను తల్లికంటే బరువు, ఎందుకంటే గింజలు ఎక్కువ, మీరు కోరి చేసిందే అది. పాలగింజ మీద వెన్ను వంగి ఉండగా గాలీ వానా వస్తే ఆ చేను లేవదు. పాలు పోసుకోవడం ఆగిపోతుంది, సగం తాలు.

చూశారా, అవే 20 రోజులు. ఒక ఏడు దక్కించేవి, ఇంకో ఏడు ముంచేవి. బంగాళాఖాతం మా మీదికి తుపాన్లు పంపేది ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మీ కమల నవంబరు 17కి కోతకొస్తుందంటే మా అమ్మ ఉండుంటే మొదట ఆ తేదీయే గుర్తు చేసేది. ఇప్పుడు సముద్రం అప్పటికంటే వేడెక్కింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి మోస్తుంది, ఆ మోసిందంతా కుమ్మరించేది ఎక్కడో మళ్లీ మీకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి 'స్వల్పకాలిక రకం, తుపాన్ల నుంచి తప్పించుకుంటుంది' అనే ఒక్క వాక్యంతో ఈ విత్తనాన్ని మా దగ్గరికి పంపొద్దు. నలభై ఏళ్ల తుపాను తేదీలు మీ దగ్గర ఉంటాయి. ఏ కాలవకి ఏ వారం నీళ్లొస్తాయో జలవనరుల వాళ్ల దగ్గర ఉంటుంది. ఏ రకం ఎన్నో రోజుకి ఈనుతుందో మీకంటే తెలిసినవాళ్లు లేరు. ఈ మూడూ ఒకచోట పెట్టి, కాలవ కాలవకీ ఒక పట్టిక వేయండి: ఈ వారంలో వెద పెట్టేవాళ్లు ఇది వేసుకోండి, ఆ వారం దాటితే కమల వద్దు, పాతదే వేసుకోండి అని. ఆగస్టు 15 దాటాక వేసేవాడికి కమల నిజంగా వరం కావచ్చు. జూన్‌లో బోరు కింద వేసేవాడికి అవసరమే లేకపోవచ్చు. కృత్రిమ మేధ అంటున్నారు గదా, దానికి ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

తేదీలు జరిగితే వేడి కూడా మారుతుంది. సాంబ మసూరి మా దగ్గర నవంబరు మొదటి వారంలో ఈనుతుంది, అప్పటికి రాత్రుళ్లు కాస్త చల్లబడతాయి. కమల అక్టోబరు మధ్యలో ఈనుతుంది. ఆ రోజుల్లో ఉక్కపోత ఎలా ఉంటుందో ఫ్యాన్ లేకుండా పడుకునేవాణ్ణి అడగాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో 1979 నుంచి 2003 దాకా వాతావరణ లెక్కలు తీసి దిగుబడితో పోల్చి చూస్తే, ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పదో వంతు తగ్గిందని తేలిందట. రాత్రి వేడికి గింజలో తెల్లమచ్చ కూడా ఎక్కువవుతుంది, మరలో ఆడిస్తే నూక పెరుగుతుంది. మాకు ధర వచ్చేది నిండు బియ్యానికి. బస్తాలు పెరిగి నూక పెరిగితే లాభం మిల్లు దగ్గర తేలిపోతుంది. కమలని రాత్రి వేడిలో పరీక్షించారా? పరీక్షించి ఉంటే ఆ ఫలితం ఏమిటి? మీరు తెలుగులో ఒక్క పేజీ వేస్తే చాలు.

మొలకల సంగతి ఇంకా ముఖ్యం. కొన్ని రకాల గింజకి కోతకొచ్చాక కొన్నాళ్లు నిద్ర ఉంటుంది, తడిసినా వెంటనే మొలకెత్తదు. మా నాన్న అక్కుళ్లు, మొలగొలుకులు పండించిన రోజుల్లో నలుగురు రైతులు కూర్చుంటే 'ఎన్ని బస్తాలు' అని అడగకముందే 'నిద్ర ఎన్నాళ్లు' అని అడిగేవాళ్లు. మారుటేరు వాళ్లు ఇప్పటికీ తమ రకాలకి ఆ సంగతి చెబుతారు. కమల గురించి వచ్చిన వార్తలన్నీ మా అన్న కూతురి చేత వెతికించాను. దిగుబడి ఉంది, నీటి పొదుపు ఉంది, మీథేన్ తగ్గుతుందనీ ఉంది. గింజ నిద్ర గురించి నాకెక్కడా కనపడలేదు. డిసెంబరులో మొలకెత్తిన వెన్ను పట్టుకున్నవాడికి అదే మొదటి ప్రశ్న. వెన్ను పడిపోయి మూడు రోజులు నీళ్లలో ఉంటే ఎంత శాతం మొలకొస్తుంది? తొట్టెలో వేసి చూస్తే వారంలో తేలే విషయం.

ఇంకో అనుమానం. మీరే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వాళ్లతో కలిసి 2008లో ఎండాకు తెగులు తట్టుకునే సాంబ మసూరి ఇచ్చారు, మూడు నిరోధక జన్యువులు పెట్టి. అది మామూలు సంకరంతోనే, జన్యువు గుర్తులు చూసుకుంటూ చేసిన పని. ఎవరికీ అభ్యంతరం రాలేదు. నేనూ రెండేళ్లు వేశాను, ఎండాకు తెగులు నిజంగానే దగ్గరికి రాలేదు. మరి కమలకి తల్లి ఎవరు? పాత బీపీటీ 5204 అని చదివాను. అలా అయితే ఒక్క జన్యువు తప్ప మిగతా గుణాలన్నీ తల్లివే ఉంటాయి కదా, ఎండాకు తెగులుకి లొంగిపోవడం, అగ్గి తెగులుకి, సుడిదోమకి లొంగిపోవడం కూడా. తుపాను గాలికి ఆకులు చిరిగితే ఆ చిరుగుల్లోంచే ఎండాకు తెగులు ఎక్కుతుంది. వాతావరణం చెడిపోతోందని చేసిన విత్తనానికి, వాతావరణం చెడినప్పుడల్లా వచ్చే తెగులు తట్టుకునే తల్లిని ఎందుకు తీసుకోలేదు? కారణం ఉండే ఉంటుంది. ప్రయోగం పాత రకంలో మొదలై ఉండొచ్చు, మధ్యలో మార్చడం కుదరకపోయి ఉండొచ్చు. ఆ కారణం మాకూ చెప్పండి. తర్వాత రాబోయేది రెండు గుణాలతో వస్తుందా అనేది కూడా.

నిజం చెప్పాలంటే కమలకంటే ఆ రెండోదాని మీదే నాకు ఆశ. మా దక్షిణపు పొలాల్లో ఉప్పు ఎక్కుతోంది. ఒక వైపు మురుగు కాలవల్లోంచి పోటు నీళ్లు ఎదురు తన్నుతాయి, ఇంకో వైపు రొయ్యల చెరువుల నుంచి ఉప్పునీళ్లు ఊరతాయి. పూసా డీఎస్టీ రైస్ చౌడుని, ఉప్పుని, నీటి ఎద్దడిని తట్టుకుంటుందన్నారు. ఆ గుణం కాటన్‌దొర సన్నాల్లో కాక సాంబ మసూరి లాంటి సన్న గింజలో వస్తే మా వైపు ఎకరాలకెకరాలు మళ్లీ వరికి తిరుగుతాయి. రొయ్యల వాళ్లకి ఈ మాట నచ్చదని తెలుసు.

ఇక లెక్కల సంగతి. 2025లోనే ఈ రెండు రకాల పరీక్ష ఫలితాలని ఉన్నవి ఉన్నట్టు చూపలేదని కొన్ని సంఘాలు ఆరోపించాయి. మీరు కాదన్నారు. ఎవరిది నిజమో తేల్చే చదువు నాకు లేదు. కానీ ఇలాంటి అనుమానం తీర్చే పద్ధతి ఊళ్లలో పాతదే. పెళ్లి సంబంధం వస్తే అటువాళ్లు అన్నీ మంచే చెబుతారు, మేం వెళ్లి వాళ్ల వీధిలో నలుగురిని అడుగుతాం. మీ పరీక్షల్లో కమల తల్లికంటే తక్కువ పండిన చోట్లు కూడా కొన్ని ఉండే ఉంటాయి, ఏ రకానికైనా ఉంటాయి. ఆ చోట్ల పేర్లు చెప్పండి. ఏ నేల, ఎప్పుడు నాటారు, వాన ఎంత, ఎందుకు తగ్గింది. మాకు ఆ పేజీయే కావాలి. ఎక్కువ పండిన చోట్ల గురించి విత్తనాల డీలరు చెబుతాడు.

పరీక్ష మడులు ఎవరికిస్తారో కూడా ఈసారి ఆలోచించండి. కొత్త రకం వేసి చూడమని ఇచ్చే మినీకిట్ విత్తనం సంచులు వచ్చినప్పుడల్లా పాసుపుస్తకం ఉన్నవాళ్లకి వెళతాయి, వాళ్లలో సగం మంది గుంటూరులో, హైదరాబాద్‌లో ఉంటారు. చేలో దిగేది కౌలువాడు. కౌలువాడికి సాగుదారు హక్కు పత్రం ఉండాలంటే భూమి యజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి పోతుందని వాళ్ల భయం. నా ఐదెకరాల్లో నాలుగింటికి ఈ రోజుకీ కాగితం లేదు. మొలకెత్తిన ఏడాది ఆ నాలుగెకరాల నష్టం లెక్కలో నా పేరు రాలేదు. ఇది మీ శాఖ కాదు, తెలుసు. కానీ విత్తనం మంచిచెడ్డలు ముందు తెలిసేది ఎవడికో వాడి చేతికి సంచి ఇవ్వడం మీ చేతిలో పనే.

విత్తనం దాచుకునే సంగతి రాయకుండా ఈ జాబు ముగించలేను. మా ఇంట్లో విత్తనం బాధ్యత మా ఆవిడది. కోతకి ముందే చేలో తిరిగి ఏకంగా ఉన్న మడి చెక్క చూసి గుర్తు పెట్టుకుంటుంది, అది విడిగా కోయిస్తుంది. ఉప్పునీళ్లలో వేసి తేలినవి తీసేసి, ఎండబెట్టి, వేపాకు వేసి దాస్తుంది. సాంబ మసూరి విత్తనం మేం నాలుగైదేళ్లకి ఒకసారి కొంటాం, మిగతా ఏళ్లు ఇంటిదే. పక్కవాళ్లకి బస్తాకి బస్తా మార్పిడి ఇస్తాం. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ఈ హక్కు మాకు ఇచ్చింది: దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. కమల సూటి రకమే, హైబ్రిడ్ కాదు, కాబట్టి దాచిన విత్తనం మళ్లీ అలాగే మొలుస్తుంది. అది సంతోషం.

అనుమానం ఆ కత్తెర దగ్గరే. క్రిస్పర్ అనే ఆ కత్తెరకి 2020లో ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలకి నోబెల్ వచ్చింది, దాని పేటెంట్లు మాత్రం విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ప్రయోగానికి వాడుకోవడం ఒకటి, పండించి అమ్మడం ఒకటి అంటారు. ఆ లైసెన్సు ఖర్చు ఎవరు కడతారు, విత్తనం ధరలో కలుస్తుందా, రేపు ఏ కంపెనీ అయినా వచ్చి మా ఆవిడ దాచిన బస్తా మీద వేలు పెట్టగలదా? పెట్టలేరని మీరనుకుంటే ఒక పని చేయండి. విత్తనం సంచి మీద తెలుగులో ఒక్క లైన్ అచ్చు వేయించండి: 'ఈ విత్తనం దాచుకుని మళ్లీ వేసుకునే హక్కు రైతుకి ఉంది' అని. మొలక శాతం అచ్చు వేసే చోటే, దాని కింద.

వాతావరణ సమాచారం గురించి రెండు ముక్కలు. 2025 ఖరీఫ్‌లో కృత్రిమ మేధతో రుతుపవనాల రాక అంచనా వేసి 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకి ఎస్ఎంఎస్‌లు పంపామని కేంద్రం చెప్పింది. నాలుగు వారాల ముందే అంచనా. బాగుంది, నిజంగా బాగుంది. కానీ అంతకు ముందు ఏడాది, 2024లో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఉండే జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు మూసేశారు. దేశమంతటా 199 ఉండేవి. అక్కడ కూర్చున్న మనిషి చేసిన పని, మెసేజ్‌ని చేలోకి అనువదించడం. 'మోస్తరు నుంచి భారీ వర్షం' అని ఫోన్ చెబుతుంది. రేపు మందు కొట్టాలా ఆపాలా, నీళ్లు తీసేయాలా ఉంచాలా, పదును కాకపోయినా కోసేయాలా అనేది మనిషి చెప్పాలి. తప్పు చెబితే మర్నాడు తిట్టడానికైనా ఒక మనిషుండాలి. డ్రోన్ల సంగతీ అంతే. మా ఊళ్లో డ్వాక్రా అమ్మాయి ఒకామె డ్రోన్‌తో పది నిమిషాల్లో ఎకరం మందు కొడుతుంది, మడిలో దిగి వీపున డబ్బా మోసే పని తప్పింది, విషం పీల్చే పనీ తప్పింది. ఆమెకి అందరం దండం పెడతాం. కానీ ఏ మందు, ఎంత మోతాదు అని ఆమె అడిగేది మందుల షాపు అతన్నే, నేను అడిగేదీ అతన్నే.

చివరగా నా ప్రతిపాదన. నా సొంత మూడెకరాల్లో కాలవ వైపు ఇరవై సెంట్లు ఇస్తాను. పది సెంట్లలో కమల, పది సెంట్లలో 2008 నాటి మీ సాంబ మసూరి. ఒకే రోజు వెద, ఒకే ఎరువు. కౌలు అడగను. రెండు షరతులు. ఒకటి, రోజువారీ లెక్క మా అన్న కూతురు రాస్తుంది, మీరూ రాసుకోండి, చివర్లో రెండూ పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి, ఎంత వస్తే అంత. రెండు, క్షేత్ర దినోత్సవం అని షామియానా వేసి, పంట పచ్చగా కళకళలాడే రోజు చూసుకుని రావొద్దు. తుపాను వెళ్లిన రెండో రోజు రండి. రోడ్డు బాగోకపోతే కాలవ గట్టు మీదుగా నడిపిస్తాను, గొడుగులు మా ఇంట్లో ఉన్నాయి.

వెద జూలై రెండో వారంలో కాబట్టి విత్తనం జూన్ నెలాఖరుకి చేరాలి. ఆ ఇరవై సెంట్ల గట్టు ఎలకలు తొలిచేశాయి, ఈలోగా బాగు చేయించి ఉంచుతాను.

ఇట్లు,
ఒక సాంబ మసూరి రైతు,
బాపట్ల జిల్లా